ఆముదం తేలుతుందా, మునుగుతుందా?

నీళ్లలో ఆముదం పోస్తే ఏమవుతుంది? హోసూరు ప్రాంతంలో పాఠాలు చెప్పే మేము తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న అడిగితే, ఎక్కువమంది చెప్పేది ఒకటే: 'మునిగిపోతుంది సార్, అంత చిక్కగా ఉంటుంది కదా!' వంటనూనె తేలడం రోజూ చూసేవాళ్లే. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుందని నిమిషం ముందు తడుముకోకుండా చెప్పినవాళ్లే.

తప్పు పిల్లలది కాదు. ఇంట్లో మనం మాట్లాడే తెలుగులో సాంద్రత అనే మాట వినపడదు. చిక్కన, దట్టం అంటాం. పుస్తకంలో కొత్త మాట ఎదురైతే పిల్లలు దాన్ని తెలిసిన మాటకు ముడివేసుకుంటారు. నిఘంటువు చూసినా 'సాంద్రం' అంటే చిక్కనిదనే ఉంటుంది. సైన్సులో మాత్రం ఈ రెండూ వేరు. ఆముదం మెల్లగా జారడం స్నిగ్ధత వల్ల. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.96 గ్రాములే. నీటిది 1 గ్రాము. అందుకే ఆముదం తేలుతుంది. తేనె కూడా చిక్కనిదే, కానీ సుమారు 1.4 గ్రాములు తూగుతుంది కాబట్టి అడుగుకు చేరుతుంది. గాజు గ్లాసులో ముందు తేనె, దానిపై అంచు వెంబడి మెల్లగా నీళ్లు, ఆ పైన ఆముదం పోసి చూపించండి. ఆ తర్వాత టీచరు చెప్పాల్సింది పెద్దగా మిగలదు.

పాల మీద మీగడా అంతే. పాలకంటే చిక్కన, పాలకంటే తేలిక.

పదో తరగతి దాటాక మా పిల్లల్లో చాలామంది తమిళంలోకో ఇంగ్లిషులోకో మారాలి. అక్కడ ఇదే సంగతి 'అడర్త్తి' అవుతుంది, 'డెన్సిటీ' అవుతుంది. కన్నడంలో 'సాంద్రతె' కాబట్టి కర్ణాటకలోని మన పిల్లలకు కొంత నయం. మరాఠీలో 'ఘనత' అంటారు. తెలుగు చెవికి అది గొప్పతనంలా వినిపిస్తుంది! నిర్వచనం బట్టీపట్టినవాళ్లు ఆ మలుపులో మళ్లీ మొదటికి వస్తారు. గ్లాసులో చూసినవాళ్లకు పేరు ఒక్కటే కొత్త.

లెక్కల దగ్గర మార్కులు పోయేది మరోచోట. మా చుట్టుపక్కల గ్రానైటుకు కొదవ లేదు, ఒక ముక్క తెచ్చి తూచాం. 54 గ్రాములు. కొలజాడీలో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి రాయిని దారంతో దించితే మట్టం 70కి చేరింది. కొందరు 54ను 70తో భాగించేశారు. రాయి తోసిన నీళ్లు 20 మాత్రమే కదా! 54ను 20తో భాగిస్తే 2.7. దాన్ని ఘనపు మీటరుకు కిలోగ్రాముల్లో రాయమంటే 27 అని ఒకరు, 270 అని ఒకరు. ఘనపు మీటరులో పది లక్షల ఘన సెంటీమీటర్లు, కిలోలో వెయ్యి గ్రాములు. కాబట్టి వెయ్యితో గుణించాలి, 2700 వస్తుంది. నీటికి 1000 అని గుర్తుంటే చాలు, 270 వేసినవాళ్లు తమ రాయి నీళ్లమీద తేలుతోందని వాళ్లే పట్టుకుంటారు. ఇది ఇంట్లోనూ చేయించవచ్చు, కిరాణా కొట్టు కాటా సరిపోతుంది.

చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: 'రాయిని సగానికి పగలగొడితే సాంద్రత కూడా సగమవుతుందా సార్?' మేము జవాబు చెప్పం. సుత్తి ఇచ్చి, బడి వెనక్కి పంపి, రెండు ముక్కలనూ మళ్లీ తూచమంటాం.