వృత్తినామముల భాషాంతరీకరణము

పదములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు నని త్రివిధములు. పాచకపదము యౌగికము, మండపపదము రూఢము, పంకజపదము యోగరూఢము. వృత్తినామములలోఁ బెక్కులు కడపటి రెండుతెగలకుఁ జేరినవి. వానిని యౌగికములుగా నెంచి, యవయవార్థమును మాత్రమే పరభాషలోనికిఁ దెచ్చుటచే ననర్థము వాటిల్లుచున్నది.

ఫ్రెంచినుండి యింగ్లీషునకుఁ జేయు సాంకేతికానువాదములం దిది విస్పష్టము. ఫ్రెంచిలోని 'కొందుక్త్యూర్ ద త్రవో' కట్టడపుఁబనులను నడపించు నధికారి. వానిని 'కండక్టర్' అన్నచో బండిలోఁ జీటీ లిచ్చువాఁ డని తోఁచును. 'సైట్ మేనేజర్' అనుట తగును. 'షెఫ్ ద ప్రొజే' లోని షెఫ్ ప్రధానుఁడే కాని వంటవాఁడు కాఁడు. 'ఫోంతెన్యే' అను పేరు నీటిబుగ్గను దెలుపు పదమునుండి పుట్టినది. అయినను నేఁడు వాఁడు ఊరి నీటిగొట్టములను గనిపెట్టియుండు పనివాఁడు. 'ప్లంబర్' అన్నచో వాని పని యొక యింటికే పరిమితమగును.

అనంతపురమండలమున నిట్టిపదమే 'నీరుగంటి'. అవయవములను విడఁదీసి గంట కర్థము వెదకినచో వాని వృత్తి తెలియరాదు. చెఱువుతూము తెఱచుట, మూయుట, ఆయకట్టునందు వంతుచొప్పున మడిమడికి నీరు పాఱించుట వాని విధులు. మాన్యమో, కళ్లమునఁ గొలిచి యిచ్చు మేరయో వానికి జీతముగా నుండెడిది. తలారిని, వెట్టివానిని, నీరుగంటిని నొక్కటిగా 'విలేజ్ సర్వెంట్' అని వ్రాసినచో, నీరు పంచు బాధ్యత యా మాటలో మునిఁగిపోవును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు సీమలో నిది స్వల్పదోషము కాదు. చివరిమడి రైతు తన వంతు రాలేదని మొఱపెట్టినపుడు, ఆ పని యెవ్వరిదో వ్రాఁతలో లేకున్న నతని మొఱ కాధార ముండదు.

కరణమును 'అకౌంటెంట్' అనుటయు నిట్టిదే. లెక్కలతోపాటు భూముల వివరములు, సాగుబడి వ్రాఁతలు నతని చేతిలోనే యుండెను. ఆంధ్రప్రదేశమున నా యుద్యోగము 1984లో రద్దయినను, పాతదస్తావేజులు చదువువారి కా యర్థభేదము నేఁటికి నావశ్యకము.

దీనికిఁ బాణినీయమే దారి చూపుచున్నది. ఒకచోట నియుక్తుఁ డనుటకును, ఒకదానిని రక్షించువాఁ డనుటకును వేర్వేఱుగాఁ దద్ధితములు విధింపఁబడినవి. ద్వారమున నియుక్తుఁడు దౌవారికుఁడు. కావున ననువాదకుఁడు పేరును విఱుచుటకు ముందు మూఁడింటిని విచారింపవలెను: వాఁ డెక్కడ నియుక్తుఁడు? దేనిని గాపాడును? ఎవ్వరికి జవాబుదారి? ఈ మూఁటికి సరిపడు పదము దొరకెనా, యదియే యనువాదము. దొరకనిచో 'నీరుగంటి' యని మూలపదమునే నిలిపి, ప్రక్కను వాని విధిని వివరించుట మేలు.