సొంత విమానం కొన్నారా? ముందు ‘ఇవాళ వద్దు’ అనడం నేర్చుకోండి

సెస్నా అనే పేరు వింటే మన ఇళ్లలో పెద్దవాళ్లకి వెంటనే గుర్తొచ్చేది హీరోయిన్ సౌందర్య. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్ వెళ్లాలని బెంగళూరు జక్కూరులో ఆమె ఎక్కిన చిన్న విమానం సెస్నా 180. ఎగిరిన కాసేపటికే కూలిపోయింది. ఆమె, సోదరుడు సహా అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. ‘చిన్న విమానమా? వద్దు తల్లీ’ అనే మాట తెలుగిళ్లలో అప్పట్నుంచి అలాగే ఉండిపోయింది.

అమెరికాలో మాత్రం సీన్ వేరేలా ఉంటుంది. అక్కడ చిన్న చిన్న ఊళ్లకు కూడా ఓ రన్‌వే ఉంటుంది. దాని పక్కన రేకుల షెడ్లు, షెడ్లలో సొంత విమానాలు. వాటి ఓనర్లందరూ కోటీశ్వరులేం కాదు. టీచర్లు ఉంటారు, రైతులు ఉంటారు, రిటైరైనవాళ్లు ఉంటారు. శనివారం పొద్దున్నే లేచి, పక్క ఊరి ఎయిర్‌పోర్ట్ దాకా ఎగిరి, అక్కడి క్యాంటీన్లో ఓ బర్గర్ తిని వెనక్కొస్తారు. పెట్రోలు ఖర్చు కలిపి లెక్కేసి దానికి ‘వంద డాలర్ల బర్గర్’ అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. ఇప్పటి రేట్లకి వంద డాలర్లు చాలవనుకోండి, అది వేరే సంగతి.

మరి ఇన్ని విమానాలు ఎగురుతుంటే భయం లేదా అంటే, ఉంది. కాకపోతే మనం అనుకునే చోట కాదు.

విమానాల్లో స్ప్లెండర్

చిన్న విమానం అంటే ముందు చెప్పుకోవాల్సింది సెస్నా 172. 1956లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటి దాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంకే విమానమూ ఇన్ని తయారవలేదు. ఒక ఇంజిన్, నాలుగు సీట్లు, నెత్తి మీద రెక్కలు, గంటకు దాదాపు 220 కిలోమీటర్ల స్పీడు. విమానాల్లో స్ప్లెండర్ బండి అనుకోండి. ఎక్కడికెళ్లినా కనిపిస్తుంది, ఏ మెకానిక్కైనా తెలుసు.

కొత్తది నాలుగు లక్షల డాలర్లు దాటుతుంది. అందుకే ఎక్కువమంది పాతదే చూసుకుంటారు. ఎంత పాతది? 1960ల్లో, 70ల్లో తయారైనవి! కోర్టు కేసుల్లో కట్టాల్సి వస్తున్న నష్టపరిహారాలు తట్టుకోలేక సెస్నా 1986లో ఈ విమానం తయారీ ఆపేసింది. పాత విమానాలకు కంపెనీని ఎప్పటిదాకా బాధ్యుల్ని చేయొచ్చో 1994లో అమెరికా ఓ చట్టం తెచ్చింది. ఆ తర్వాతే, 1996లో, మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో పదేళ్ల ఖాళీ. అందుకే ఇవాళ పాతికేళ్ల కుర్రాడు తనకంటే రెట్టింపు వయసున్న విమానం నడపడం అక్కడ మామూలే.

వయసు చూసి కంగారుపడక్కర్లేదు. కానీ కాగితాలు లేకపోతే మాత్రం కంగారుపడాలి. పాత విమానం కొనేటప్పుడు తెలిసినవాళ్లు పెయింట్ చూడరు, లాగ్‌బుక్ చూస్తారు. పుట్టినప్పట్నుంచి ఏ పార్టు ఎప్పుడు మార్చారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉండాలి. ఆ పుస్తకం పోతే విమానం ధర సగం పోయినట్టే. కొనేముందు మెకానిక్‌తో చూపించుకోవాలి. అది కూడా అమ్మేవాడి మెకానిక్ కాదు, మన మెకానిక్.

నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురూ ఎక్కేస్తే కుదరదు. 172 కొత్త మోడల్ మోయగలిగేది సుమారు 400 కిలోలు. ట్యాంకులు నింపితే పెట్రోలే దాదాపు 145 కిలోలు. మిగిలింది 255. ముగ్గురు ఎక్కి, రెండు బ్యాగులు పెడితే అయిపోయింది. అత్తారిల్లిచ్చిన ఆవకాయ జాడీ కూడా లెక్కలో రావాల్సిందే! నలుగురూ వెళ్లాలంటే పెట్రోలు తగ్గించుకోవాలి, అంటే మధ్యలో ఎక్కడో దిగాలి. ఎండ మండే రోజున గాలి పలచబడి ఇంకా ఎక్కువ రన్‌వే కావాలి. ఈ కూడికలూ తీసివేతలూ వేయకుండా స్టార్ట్ చేసేవాడితో మీరు ఎక్కొద్దు.

వాడకపోతేనే పాడవుతుంది

ఖర్చుల సంగతికొస్తే, పార్కింగ్ అద్దె, ఇన్సూరెన్స్, ఏటా చెకింగ్... ఎగిరినా ఎగరకపోయినా కట్టాల్సిందే. అందుకే మన ఊళ్లలో నలుగురు కలిసి ఉమ్మడి బోరు వేసుకున్నట్టు, అక్కడ నలుగురు కలిసి ఒక విమానం కొనుక్కుంటారు. అది పిసినారితనం అనుకోవద్దు. నిజానికి విమానానికి అదే మంచిది. ఎందుకంటే దానికి అరుగుదల కంటే పెద్ద శత్రువు ఖాళీగా ఉండటం.

చాలా సెస్నాల్లో ఉండే లైకమింగ్ ఇంజిన్లో క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. ఇంజిన్ ఆపేశాక నూనె నెమ్మదిగా కిందికి జారిపోతుంది. వారాల తరబడి కదపకపోతే క్యామ్ మీద నూనె పొర పోతుంది, గాలిలో తేమ చేరుతుంది, తుప్పు మొదలవుతుంది. తర్వాత ఓ రోజు ఓనర్ వచ్చి స్టార్ట్ చేస్తాడు. ఆ తుప్పు రాపిడికి పొడై ఇంజిన్ అంతా తిరుగుతుంది. నడిపితే 2000 గంటలు వస్తుందని కంపెనీ చెప్పే ఇంజిన్‌కి, నడిపినా నడపకపోయినా 12 ఏళ్లకోసారి పూర్తిగా విప్పి బాగుచేయించమని అదే కంపెనీ చెప్పేది ఇందుకే. ఆ పనికి పదుల వేల డాలర్లు.

దీనికి పూర్తి రివర్స్‌లో ఓ కథ ఉంది. 1958 డిసెంబరులో రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు లాస్ వెగాస్‌లో ఓ సెస్నా 172 ఎక్కారు. దిగింది తర్వాతి ఫిబ్రవరిలో! 64 రోజుల 22 గంటలు గాల్లోనే. ఎడారి రోడ్డు మీద లారీ పరిగెడుతుంటే, దాని మీదుగా కిందికొచ్చి, పైపుతో పెట్రోలు లాక్కునేవాళ్లు. తిండి కూడా తాడుతోనే. ఇద్దరూ వంతులేసుకుని నిద్రపోయారు. ఇంజిన్ మాత్రం నిద్రపోలేదు. లోపల మసి పేరుకుని శక్తి తగ్గితేనే దిగారు. ఆ విమానం ఇప్పటికీ లాస్ వెగాస్ ఎయిర్‌పోర్టులో వేలాడుతూ ఉంటుంది.

రోజువారీ పనుల్లో ఓనర్ చేతులకీ నూనె అంటాలి. పైలట్ లైసెన్స్ ఉన్న ఓనర్ తన విమానానికి ఆయిల్ మార్చుకోవచ్చు, టైరు మార్చుకోవచ్చు, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేసుకోవచ్చు. చేసి, లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. అంతకు మించి ముట్టుకోకూడదు. ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్‌ని పారేయరు. కోసి, లోపలి కాగితం విప్పి, వెలుతురులో పట్టి చూస్తారు. లోహపు తళుకులు కనిపించాయంటే లోపల ఏదో అరుగుతోందని అర్థం. డాక్టర్ రక్తపరీక్ష రాసినట్టే.

ఇక ఏడాదికోసారి ‘యాన్యువల్’. ప్రత్యేక అధికారం ఉన్న మెకానిక్ సీట్లు, మూతలు, ప్యానెళ్లు విప్పి, తీగల దగ్గర్నుంచి సిలిండర్ల దాకా చూసి సంతకం పెడితేనే మళ్లీ ఎగరాలి. బిల్లెంత అవుతుందని ముందే అడగొద్దు. విప్పితే గానీ తెలీదు.

ప్రతిసారీ ఎగిరే ముందు చేసే చెకింగ్ మాత్రం పైలట్‌దే. కొత్త 172కి పెట్రోలు శాంపిల్ తీయడానికి 13 చోట్ల చిన్న వాల్వులు ఉంటాయి. ప్లాస్టిక్ గ్లాసులో కొంచెం పట్టి చూడాలి. విమానం పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. అడుగున రంగు లేని బుడగ తేలిందంటే అది నీళ్లు. రాత్రి వానకి ట్యాంకు మూతలోంచి దిగినవి. ఇంజిన్ నీళ్లతో నడవదు కదా! ట్యాంకులో ఎంతుందో మీటర్ని నమ్మరు, మూత తీసి పుల్ల ముంచి చూస్తారు. స్పీడు చూపించే సన్నని గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టిందేమో, ఇంజిన్ మూత కింద పిట్ట గడ్డి పేర్చిందేమో చూస్తారు. నవ్వులాట కాదు, వసంతకాలంలో ఒక్క మధ్యాహ్నం ఖాళీ దొరికితే పిట్టకి చాలు.

178 సెకన్లు

ఇంత జాగ్రత్తగా చూసుకున్న విమానం ఎందుకు కూలుతుంది?

1999 జులై 16. అమెరికా మాజీ అధ్యక్షుడి కొడుకు జాన్ ఎఫ్ కెన్నెడీ జూనియర్, 38 ఏళ్లు. చుట్టాలింట్లో పెళ్లి. భార్య, ఆమె అక్కతో కలిసి న్యూజెర్సీ నుంచి సొంత విమానంలో బయల్దేరాడు. పైపర్ సారటోగా, కొని మూడు నెలలే. రాత్రి 8:38కి టేకాఫ్. అప్పటికే పొద్దు కుంకింది. సముద్రం మీద మసక కమ్మి, ఆకాశమేదో నీళ్లేవో తెలియని పరిస్థితి. గంట తర్వాత, మార్తాస్ వినియార్డ్ దీవి దగ్గరికొచ్చాక విమానం మెలికలు తిరుగుతూ సముద్రంలోకి దూసుకెళ్లింది. ముగ్గురూ పోయారు.

శకలాలన్నీ తీసి పరీక్షించారు. విమానంలో ఏ లోపమూ దొరకలేదు. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది ఒక్కటే: పైలట్‌కి పైకీ కిందకీ తేడా తెలియకుండా పోయింది.

కళ్లు మూసుకుని గిరగిరా తిరిగి ఆగితే ఇంకా తిరుగుతున్నట్టే అనిపిస్తుంది కదా. చెవి లోపలి ద్రవం చేసే మాయ అది. విమానం నెమ్మదిగా పక్కకు ఒరిగితే ఆ చెవికి అసలు తెలీదు, నిటారుగానే ఉన్నామంటుంది. బయట ఏదైనా కనిపిస్తే కన్ను సరిచేస్తుంది. మబ్బులోనో, చీకటి సముద్రం మీదో కన్నుకి ఆధారం ఉండదు. అప్పుడు నమ్మాల్సింది ముందున్న మీటర్లనే. ఒళ్లంతా ‘కాదు, కాదు’ అంటుంటే మీటర్ని నమ్మడానికి వేరే ట్రైనింగ్ ఉంది, వేరే పరీక్ష ఉంది. కెన్నెడీ ఆ ట్రైనింగ్ మధ్యలో ఉన్నాడు, పూర్తి కాలేదు. మొత్తం అనుభవం 310 గంటలు. అందులో ఈ కొత్త విమానం మీద 36.

ఆ సాయంత్రం ఓ ఇన్‌స్ట్రక్టర్ తోడొస్తానన్నాడు కూడా. ఒక్కడినే వెళ్తానన్నాడు. నాకైతే ఈ కథ మొత్తంలో అన్నిటికంటే బాధగా అనిపించేది ఆ ఒక్క మాటే.

1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఓ ప్రయోగం చేశారు. మీటర్ల మీద నడపడం రాని 20 మందిని, బయట ఏమీ కనిపించకుండా చేసి ఎగరమన్నారు. 20 మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన టైమ్ 178 సెకన్లు. ఒక రీల్ చూసి ఇంకోటి తీసేలోపే! అందరూ ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. కానీ ఆ ప్రయోగం అసలు ఉద్దేశం భయపెట్టడం కాదు. మబ్బులోకి వెళ్లినవాడు నిదానంగా వెనక్కి తిరిగి ఎలా బయటపడాలో నేర్పడం. కొన్ని పాఠాలయ్యాక దాదాపు అందరూ చేసి చూపించారు.

ఇంజిన్ ఆగిపోయిన కేసు కూడా ఒకటి చూద్దాం. ‘ఇండియానా జోన్స్’ హీరో హారిసన్ ఫోర్డ్ 2015 మార్చిలో, 72 ఏళ్ల వయసులో, రెండో ప్రపంచయుద్ధం నాటి ట్రైనర్ విమానం నడుపుతున్నాడు. లాస్ ఏంజెలెస్ పక్కన శాంటా మోనికాలో ఎగిరిన కాసేపటికే ఇంజిన్ శక్తి పోయింది. కార్బ్యురేటర్లో ఓ చిన్న జెట్ మర వదులై ఊడిందని తర్వాత తేలింది. రన్‌వే అందదని అర్థమయ్యాక గోల్ఫ్ కోర్సు వైపు దించాడు. చెట్టు కొమ్మ తగిలింది, గాయాలు గట్టిగానే తగిలాయి, బతికాడు. మళ్లీ ఎగిరాడు కూడా.

ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు. సెస్నా 172 వెయ్యి అడుగుల ఎత్తు నుంచి రెండున్నర కిలోమీటర్లకు పైగా తేలుతూ పోగలదు. టేకాఫ్ అయిన వెంటనే ఆగితే మాత్రం వెనక్కి తిప్పాలని చూడొద్దు, ఎదురుగా కనిపించే పొలంలో దించు అని మొదటి క్లాసులోనే చెప్తారు. అంటే యంత్రం మోసం చేస్తే ఏం చేయాలో నేర్పడానికి పద్ధతుంది. మనసు మోసం చేస్తేనే కష్టం. ‘ఎలాగైనా చేరాలి’ అనే పట్టుదల అక్కడ ఎంత మామూలంటే, పైలట్లు దానికి ఓ జబ్బు పేరులాంటి పేరే పెట్టారు.

దానికి మందు కాగితం మీద ఉంటుంది. బుద్ధిగా ఉండే ఓనర్లు హద్దులు ముందే రాసిపెట్టుకుంటారు. మబ్బు ఇంత ఎత్తు కంటే తక్కువుంటే వెళ్లను, పక్కగాలి ఇంత కంటే ఎక్కువుంటే వెళ్లను, రాత్రి నిద్ర సరిగ్గా పట్టకపోతే వెళ్లను. పగలైతే దిగేసరికి అరగంటకు సరిపడా పెట్రోలు మిగలాలని చట్టం. వీళ్లు గంట రాసుకుంటారు. మందు ముట్టాక కనీసం 8 గంటలు ఆగాలని రూల్, వీళ్లు మర్నాడంతా ఆగుతారు. అవన్నీ సోఫాలో కూర్చుని, తొందరేమీ లేనప్పుడు రాసుకున్నవి. రన్‌వే పక్కన నిలబడ్డప్పుడు బేరాలుండవు.

ఇంకో పని కూడా చేస్తారు. పిలిచినవాళ్లకి ఫలానా టైమ్‌కి వస్తానని మాటివ్వరు. ‘వాతావరణం బాగుంటే శనివారం, లేకపోతే ఆదివారం, అదీ కాకపోతే కార్లో’ అంటారు. అయిదు గంటలు డ్రైవ్ చేసి, నడుం పట్టేసి, ముహూర్తం దాటాక ఫంక్షన్ హాల్లో దిగితే ఎవడో ఒకడు అననే అంటాడు: ‘ఏంటి బావా, సొంత విమానం పెట్టుకుని కార్లో వచ్చావా?’ నవ్వేసి భోజనాల వైపు నడవడమే.