శ్రీహరికోట ద్వీపము – యానాదుల నామవిచారము

ఆంధ్రదేశపు తూర్పుతీరమున దక్షిణపుటంచున, బంగాళాఖాతమునకును పులికాటు సరస్సునకును నడుమ, ఉత్తరదక్షిణములుగా సాఁగిన యిసుకనేల శ్రీహరికోట. పూర్వము నెల్లూరు మండలమునను, 2022 నుండి తిరుపతి జిల్లాలోను ఇది చేరియున్నది. లోకమునకు నేఁడిది రాకెట్టులు లేచుచోటుగాఁ దెలియును. అంతకు చాలకాలము పూర్వమే యిచ్చట నుండి, యడవిని సరస్సును నమ్ముకొని బ్రదికినవారు యానాదులు. వారి చరిత్రమునకు వ్రాఁతసాక్ష్యములు కొలఁదియే గావున, వారి పేరే యొక సాక్ష్యముగా విచారింపఁబడుచు వచ్చినది. ఆ విచారణమునఁ బండితులు చూపిన తొందర యింతంత గాదు.

ముందుగా సరస్సు పేరు చూడఁదగును. తమిళులు దానితీరమున నున్న పట్టణమును పళవేర్కాడు అందురు. కాడు అనఁగా నడవి. తెలుఁగువారు సరస్సును ప్రళయకావేరి యందురు. అచ్చట కావేరీనది లేదు. సరస్సులోఁ గలియునవి కాళంగి, ఆరణి మొదలగు చిన్న యేఱులు. నీటిలోఁతు సగటున నొక మీటరునకు మించదు; వేసవియందు ఉత్తరభాగము చాలవఱకు ఎండి బీడగును. ఇట్టి నీటికిఁ బ్రళయశబ్దము తగదు. పళవేర్కాడు శబ్దమును విన్న తెలుఁగుచెవి దానికి సంస్కృతవేషము తొడిగినదని యూహించుటయే సుకరము. వర్ణములు దాదాపు వరుసఁ దప్పక నిలిచియుండుట దీనికిఁ దోడ్పడుచున్నది. జానపదుల నోట సంస్కృతము పుట్టినట్లే, పండితుల చేతిలో దేశ్యపదములు సంస్కృతము లగుటయుఁ గలదు. యానాది శబ్దమునకుఁ బట్టిన గతి యీ రెండవది.

1909లో వెలువడిన థర్‌స్టన్ దొరగారి దక్షిణదేశ కులవర్ణన గ్రంథమున నీ పేరునకు మూఁడు వ్యుత్పత్తులు చెప్పఁబడియున్నవి. అనాథశబ్దము మూలమని కొందఱు. యాన, ఆది యను రెండు పదముల కలయిక యని కొందఱు. మూలము తెలియనివారు గాన అనాదు లని మఱికొందఱు. వీనిలో నేదియు వ్యాకరణపరీక్షకు నిలుచునది కాదు.

అనాథశబ్దమునకుఁ దద్భవము సాధింపవలెనన్న మహాప్రాణము పోయి థకారము దకారమగుట సంభవమే. కాని మొదట యకారముతోఁ గూడిన దీర్ఘమెట్లు వచ్చెనో, తుద నికార మెట్లు చేరెనో చెప్పఁజాలము. అనాదిశబ్దమునకుఁ దుది యికారము సరిపోయినను మొదటి చిక్కు తీఱదు. మా అమ్మ మాయమ్మ యైనట్లు యడాగమము వచ్చినదందుమా, అప్పుడును యకారముపై హ్రస్వమే నిలుచును. యనాది కావలెను గాని యానాది కాఁజాలదు. ఇఁక యాన, ఆది యనువానికి సవర్ణదీర్ఘసంధి నిరాక్షేపముగాఁ గుదురును. కుదిరినది సంధి మాత్రమే. యానము మొదలుగాఁ గలవారని బహువ్రీహి చెప్పి, పడవలలో ద్వీపమునకుఁ బోవువారని యర్థము లాగుట కేవలము క్లిష్టకల్పన. అదియును గాక, యానాదులకుఁ బ్రసిద్ధమైన వేఁట పడవవేఁట గాదు. లోఁతులేని నీట నడుములదాఁక దిగి, బురదలోఁ జేతులతోఁ దడవి రొయ్యలను చేఁపలను బట్టుట వారి నేర్పు. యానము లేనివారికి యానముచేఁ బేరు పెట్టుట వింత.

తెలుఁగున ఈ పదమునకు ఏనాది యను రూపముకూడఁ గలదు. ఈ రూపమును జూచినంతనే దారి తెఱపి యగుచున్నది. ఏతము యాతమని, ఏట యాటయని, ఏలకులు యాలకులని పలుకుట మన భాషలో నలవాటు. పదాదియందలి ఏకారము యాకారమగు నీ నియమము చొప్పున ఏనాదియే యానాది యైనది. అనఁగా మూలరూపము ఏకారాదియగు దేశ్యము. దానికి అనాదితో గాని అనాథతో గాని సంబంధము లేదు. ప్రాచీన తమిళమున సేనాపతులకు రాజులిచ్చు బిరుదొకటి ఏనాది యని కలదు. అది చూచి యానాదులు పూర్వము దండనాథులని వ్రాయుటకు నెవ్వరును సాహసింపకుందురు గాక. రూపసామ్యము మాత్రమునఁ జరిత్రము సిద్ధింపదు.

ఇది యెల్ల శబ్దశాస్త్రులకు వినోదమని త్రోయరాదు. అనాథులన్న వ్యుత్పత్తి వారిని దిక్కులేనివారిఁగాఁ జేయును. అనాదులన్నది చరిత్రము లేనివారిఁగాఁ జేయును. వారికిఁ జరిత్రము కలదు. ద్వీపపుటడవులలో దొరకెడు చిరివేరు ఎఱ్ఱని యద్దకమునకు మూలద్రవ్యము. చోళమండలపు అద్దకపు బట్టలు ఆ యెఱుపువలననే దేశాంతరములఁ బేరుపొందినవి. పదునేడవ శతాబ్దారంభమున డచ్చివారు పులికాటునఁ గుదురుకొని 1613లో గెల్డ్రియా యను కోట కట్టించి నడపిన వర్తకములో నీ బట్టలు ముఖ్యములు. అడవిలో వంగి యా వేరు త్రవ్వినచేతులలో యానాదుల చేతులుండెను. 1835లో శ్రీహరికోట ఆంగ్లప్రభుత్వము వశమయినపుడు, వారిచేఁ జిరివేరు, తేనె, మూలికలు మొదలగు నటవీద్రవ్యములు సేకరింపించి, ప్రతిఫలము చాలవఱకు ధాన్యాదులుగా నిచ్చుచుండిరి. 1876–78 నాఁటి కఱవు పనులతో విస్తరిల్లి, 1878లో బకింగ్‌హామను పేరందిన కాలువ సరస్సుమీఁదుగాఁ బోవుటచే, ద్వీపపుఁ గట్టెలు పడవలకెక్కి చెన్నపట్టణపుఁ బొయ్యిలను జేరెను.

వారిలో మంచి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు మొదలగు భేదములు కలవు. చెంచుదేవుఁడు వారి యింటివేలుపు. పాముకాటునకు మందిచ్చుటయందును దేనె పట్టుటయందును వారి ప్రజ్ఞ ప్రసిద్ధము. కఱ్ఱపైఁ గఱ్ఱను దిప్పి నిప్పు పుట్టించు విధమును థర్‌స్టన్ వర్ణించెను. మన శ్రౌతులు అరణిమథన మని చెప్పుకొను ప్రక్రియయు నిట్టిదే. యజ్ఞశాలలో నది పవిత్రము, అడవిలో నది యనాగరకము!

సరస్సులో నందఱకు సమానాధికారము లేదు. దక్షిణభాగమున బెస్తవారు పాడు అను కట్టుబాటుచే వలలు వేయు తావులను వంతులవారిగాఁ బంచుకొందురు. తెలుఁగువాఁడు పాడు అన్నచోఁ జెడిపోవుట యని తలఁచును గాని, యిచ్చట దాని యర్థము వంతు, భాగము. ఒక్కఁడే మంచి తావు నాక్రమింపకుండ నీ కట్టుబాటు కాపాడుచున్నది. ఆ మేరకు మెచ్చఁదగినది. కాని వంతు గలవారు ఆ కులపువారే. చేతులతోఁ బట్టుకొని బ్రదుకు యానాదులవంటివారికి మిగిలినది గట్టుప్రక్క బురదనీరు. సరస్సు నడుమ నిరకము, వేనాడు మొదలగు లంకలలో నున్న పల్లెవారికి నీరే జీవనము; సముద్రముతోఁ గలుపు ముఖద్వారములు ఇసుకచే మూసికొనిపోవుకొలఁది రొయ్యయు నుప్పునీరును రాక తగ్గి యందఱకును గష్టమగుచున్నది.

ఇరువదవ శతాబ్దమున యానాదులకు మఱియొక పేరు తగిలినది. నేరస్థజాతుల చట్టము క్రింద వారిలోఁ గొందఱు నమోదు చేయఁబడిరి. ఆ మచ్చ తొలఁగింపఁ బూనినవారిలో నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్యగారు ముఖ్యులు. వారు 1962లో యానాదులపై నాంగ్లమున నొక గ్రంథము ప్రకటించిరి. చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. 2001 జనాభాలెక్కలలో ఆంధ్రప్రదేశమున యానాదులు నాలుగున్నర లక్షలకు మించియుండిరి. వారు షెడ్యూల్డు తెగగా గుర్తింపఁబడినవారు.

1969లో శ్రీహరికోట రాకెట్టు ప్రయోగములకై యెన్నుకొనఁబడినది. 1971 అక్టోబరు 9న రోహిణి యను చిన్న రాకెట్టు అచ్చటినుండి తొలుత నెగసెను. 1980 జులై 18న ఎస్సెల్వీ–3 ఉపగ్రహమును గక్ష్యలో నిలిపెను. ద్వీపపు పల్లెలవారు పెక్కండ్రు వెలుపలికి మాఱిరి. కొన్ని యానాది కుటుంబములు మాత్రము ప్రయోగకేంద్రపు హద్దులలోనే, తమకుఁ గేటాయింపఁబడిన యిండ్లలో నిలిచి, కూలిపనులు చేసికొనుచు నున్నవి.