అబల యెవరు?

స్త్రీని అబల యని పిలుచుట మనలో తరతరములనుండి వచ్చుచున్న వాడుక. బరువులెత్తు విషయమున నామాట కొంతవరకు చెల్లునేమో గాని, రోగములతో పోరాడు విషయమున నది చెల్లదు. పుట్టిన నెల దినములలో మరణించు శిశువులను లెక్కించినచో, దాదాపు అన్ని దేశములందును మగశిశువులే యెక్కువగా కనబడుచున్నారు. ఆడపిల్లది మొండిప్రాణమని మన ముసలమ్మలు ఊరక యనలేదు. ఈ భేదమునకు కారణములు పెక్కులు. హార్మోనులు కొంత, అలవాటులు కొంత. వానిని ప్రక్కనుంచి, పుట్టుకతో వచ్చు జన్యుభేదమును గూర్చి మాత్రమే యిక్కడ వ్రాయుచున్నాను.

మన శరీరమందలి దాదాపు ప్రతి కణములోను క్రోమోసోములను సన్నని పోగులు 46 గలవు. జన్యువులు వీనియందే యున్నవి. వీనిలో 22 జతలు స్త్రీపురుషుల కొక్క తీరుననే యుండును. భేదమంతయు కడపటి జతలోనిదే. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోసోములు. పురుషునకు ఒక ఎక్స్, ఒక వై. అమెరికా దేశపు విదుషి నెట్టీ స్టీవెన్సు 1905వ సంవత్సరమున పిండిపురుగులను శోధించి, మగ ఆడ భేదమునకు ఈ చిన్న వై క్రోమోసోమే కారణమని తెలిపెను. ఎక్స్ పెద్దది, ప్రోటీనులను చేయించు జన్యువులు దానిలో ఎనిమిదివందలకు పైగా నున్నవి. వై లో నట్టివి సుమారు నూరు మాత్రమే. రోగనిరోధక జన్యువులు అన్ని క్రోమోసోములలోను చెదరియున్నను, ముఖ్యమైనవి కొన్ని ఎక్స్ మీదనే యున్నవి. కొడుకునకు తండ్రి వై నిచ్చును గనుక, వాని యొక్క ఎక్స్ తల్లియొద్దనుండియే రావలెను. ఒకే దీపమున్న యింట నది ఆరిన చీకటియే గదా. రెండు దీపములున్న యింట నొకటి ఆరినను పని సాగును.

ఈ చీకటి యెట్టిదో 1952లో తేటపడెను. ఆగ్డెన్ బ్రూటన్ అను అమెరికా సైనిక వైద్యునియొద్దకు ఎనిమిదేండ్ల బాలుడొకడు మాటిమాటికి న్యుమోనియాతో వచ్చుచుండెను. రక్తమును పరీక్షింపగా, సూక్ష్మజీవులను పట్టుకొను ప్రతిరక్షకములుండు భాగమే దానిలో లేదు. ఇతరుల రక్తమునుండి తీసిన యా పదార్థమును సూదిమందుగా నిచ్చుచుండగా పిల్లవాడు కుదుటపడెను. దీనికి కారణమైన జన్యువు 1993లో దొరికినది; అది ఎక్స్ మీదిదే. ఇంతకంటె ఘోరమైన మరియొక వ్యాధియు నట్టిదే. టెక్సాసు రాష్ట్రమున 1971లో జన్మించిన డేవిడ్ వెట్టర్ అను బాలుడు, ఏ క్రిమియు సోకకుండ ప్లాస్టిక్కు గుడారములో పండ్రెండేండ్లు జీవించి, 1984లో మరణించెను. వాని యన్న అదే వ్యాధితో అంతకు ముందే శైశవమున గతించెను. అక్క ఆరోగ్యవతి.

ఈ సంగతి తొమ్మిదవ తరగతిలో చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "మాస్టారూ, అయితే తప్పు మా అమ్మదేనా?" యని యడిగినది. ఆమె తమ్ములిద్దరు పసితనముననే పోయిరి. కొడుకులను మింగినదని ఆమె తల్లిని ఇంటివారందురట. నేను వైద్యుడను గాను. ఆ పసివాండ్రు ఏ జబ్బుతో పోయిరో చెప్పజాలను. అయినను ఆమె మాటకు బదులు చెప్పకుండ పాఠము సాగించుట నాకు న్యాయముగా తోచలేదు. నల్లబల్లమీద రెండు ఎక్స్‌లు వ్రాసి, ఒకదానికి చుక్క పెట్టి చూపితిని. చుక్క గల ఎక్స్ కొడుకునకు పోవునో, చుక్క లేనిది పోవునో నాణెము నెగురవేసినట్టిదే. తల్లి దానిని ఎంచి యిచ్చునది కాదు. ఆమెకు తనయందు చుక్క యున్నదనియే తెలియదు. దానిని తన తండ్రియే యిచ్చియుండవచ్చును. ఒక్కొక్కచో తల్లియందు లోపమే లేక, బిడ్డయందే క్రొత్తగా పుట్టుటయు గలదు. ఇది విని తప్పెవరిదందురు?

చుక్క గల తల్లి తాను ఆరోగ్యముగా నెట్లుండును? దీనికి పిల్లులు సాక్ష్యమిచ్చుచున్నవి. నలుపును పసుపును మచ్చలు మచ్చలుగా కలిసిన పిల్లిని మీరు చూచియుందురు. అది దాదాపు ఎల్లప్పుడు ఆడుపిల్లియే. కెనడాలో మర్రే బార్, బెర్ట్రామ్ అనువారు 1949లో ఆడుపిల్లుల నాడీకణములలో మగవాని కణములందు లేని నల్లని చుక్క నొకదానిని కనుగొనిరి. అది ముడుచుకొని నిద్రించు ఎక్స్ క్రోమోసోము. 1961లో మేరీ లయన్ అను ఆంగ్ల విదుషి, ఎలుకల బొచ్చు రంగులను బట్టి దీని మర్మమును విప్పెను. పిండదశయందే ప్రతి కణము తన రెండు ఎక్స్‌లలో నొకదానిని నిద్రపుచ్చును. ఏది యనునది యాదృచ్ఛికము. ఆ కణము సంతతి యంతయు ఆ తీర్పునే పాటించును. కావున స్త్రీ శరీరము రెండు రంగుల నేత వంటిది: కొన్ని కణములలో తండ్రి యిచ్చిన ఎక్స్, కొన్నిటిలో తల్లి యిచ్చినది పనిచేయుచుండును. బ్రూటన్ వర్ణించిన వ్యాధి గల బాలుని తల్లియందు, మంచి ఎక్స్ మేలుకొనియున్న కణములే పెరిగి ప్రతిరక్షకములను తయారుచేయును. చెడ్డదానిని పట్టుకొన్నవి ఆ పనికి ఎదుగలేవు.

అయితే నిద్రించు ఎక్స్ మీది జన్యువులన్నియు నిద్రింపవు. టి.ఎల్.ఆర్.7 అను జన్యువు అట్టిది. వైరసుల యందలి ఆర్.ఎన్.ఎ. పదార్థమును పసికట్టి, తెల్లకణములను హెచ్చరించు కావలివాని వంటిది దీని పని. కొందరు స్త్రీల రోగనిరోధక కణములలో దీని రెండు ప్రతులును మేలుకొనియుండునని 2018లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు చూపిరి. ఈ కావలివాడు లేనిచో నేమగునో 2020లో నెదర్లాండ్సు దేశమున తెలిసినది. రెండు కుటుంబములలో ఇద్దరేసి యన్నదమ్ములు, అందరును ముప్పదియైదేండ్లకు లోపలివారు, పూర్వము పెద్ద జబ్బెరుగనివారు, కోవిడు తగిలి ఊపిరి యంత్రముల పాలైరి. ఒకడు మరణించెను. నలుగురియందును టి.ఎల్.ఆర్.7 చెడియుండెను. కోవిడుతో అనేక దేశములలో మగవారే యెక్కువగా మరణించినమాట నిజమే గాని, దానికంతకు నిదియే కారణమని తలపరాదు. ప్రాణాపాయస్థితికి వచ్చిన పురుషులలో నూటికి ఒకరిద్దరియందు మాత్రమే యీ లోపము కనబడినది.

ఇంతవరకు చదివిన బాలికలు గర్వపడుదురేమో! కావలివాడు మరీ చురుకైనచో ఇంటివానినే దొంగయని కొట్టును. లూపస్ అను వ్యాధిలో జరుగునది యిదే. శరీరము తన కణములమీదనే ప్రతిరక్షకములను ప్రయోగించును; కీళ్లు వాచును, మూత్రపిండములు చెడును, చెక్కిళ్లపై సీతాకోకచిలుక రెక్కల వలె ఎర్రదనము వచ్చును. ఈ వ్యాధి గలవారిలో పదింట తొమ్మండ్రు స్త్రీలే. రెండు ఎక్స్‌లును ఒక వై యును గలిగి పుట్టిన పురుషులు అరుదుగా నుందురు. వారికి ఇతర పురుషులకంటె లూపస్ వచ్చుట సుమారు పదునాలుగు రెట్లు ఎక్కువ. దీనినిబట్టి ఎక్స్‌ల సంఖ్యకే యిందు పాత్ర గలదని స్పష్టమగుచున్నది. స్పెయిన్ దేశమున లూపస్ గల యొక బాలికయందు టి.ఎల్.ఆర్.7 మితిమీరి పనిచేయుచున్నదని 2022లో తేలినది. అదే మార్పును ఎలుకలలో కల్పింపగా వానికిని లూపస్ వచ్చెను.

మగవానిని ఒంటి దీపముతో వదలి, స్త్రీకి రెండిచ్చి, ఆ రెండవదానివలననే యామెకు కాలునట్లు చేసిన యీ యేర్పాటు నాకు వింతగానే తోచుచున్నది. టీకాల విషయమునను దీని ఛాయ కలదు. అమెరికాలో జరిగి 2008లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఫ్లూ టీకా సగము మోతాదు పొందిన స్త్రీలలో పుట్టిన ప్రతిరక్షకములు, పూర్తి మోతాదు పొందిన పురుషులలోని వానికి దాదాపు సాటివచ్చెను. టీకా వేసిన దినమున చేయి వాచి, జ్వరము తగిలి ఇంటికి పోవువారిలో బాలికలు హెచ్చుగా నుండుట యిందువలన కొంత కావచ్చును. అయినను నేటికిని ఉభయులకు వేయు మోతాదు ఒక్కటే.