మైకు ముందుకు రానివారి లెక్క

మన మనుబోలు ప్రాంతంలో తాగుడు మానినవాడు సాక్ష్యం చెబితే సంఘమంతా సంతోషిస్తుంది. సంతోషించవలసిందే. అయితే మైకు ముందుకు వచ్చేది నిలిచినవాడే. అతనితో కలిసి చికిత్సకు వెళ్లి మళ్లీ పడిపోయినవాడు ఆ ఆదివారం ఎక్కడున్నాడు? అతణ్ణి కూడా లెక్కించాకే ఆ చికిత్స ఎంత మంచిదో తెలుస్తుంది.

1992లో మన జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై పోరాడారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. దుకాణం మూతపడిందో లేదో వీధిలో నిలబడి చెప్పవచ్చు. మనిషి మానాడో లేదో అలా చెప్పలేము.

ఒక ఉదాహరణ చూడండి. ఒక కేంద్రంలో 40 మంది చేరారు అనుకుందాం. ఏడాది తరువాత వెదికితే 16 మందే దొరికారు, వారిలో 12 మంది తాగడం లేదు. కేంద్రంవారు నూటికి 75 మంది బాగుపడ్డారని వ్రాసుకుంటారు. చేరినవారందరినీ లెక్కిస్తే అది నూటికి 30 మాత్రమే. దొరకని 24 మందీ తాగుతున్నారని కాదు. కొందరు చెన్నైకి పనికి వెళ్లి ఉండవచ్చు. కానీ వారంతా క్షేమమేనని అనుకోవడానికి మనకు ఆధారమేమిటి? వారిని బాగుపడనివారిగానే లెక్కించి, ఎందరు దొరకలేదో కూడా చెప్పడం న్యాయం.

చేతుల వణుకు మందులతో కొద్ది రోజుల్లో తగ్గుతుంది. అది ఆరంభమే. మళ్లీ తాగేవారిలో ఎక్కువమంది మొదటి నెలల్లోనే పడిపోతారు గనుక 1, 3, 6, 12 నెలలకు విచారించాలి. "తాగుతున్నావా?" అంటే సిగ్గుతో లేదంటాడు. క్యాలెండరు ముందుపెట్టి, సంక్రాంతికి, పెళ్లికి, కూలి డబ్బు చేతికొచ్చిన రోజున ఏమి జరిగిందో అడగండి. అతడు ఒప్పుకుంటే భార్యను కూడా విడిగా అడగండి. పనికి వెళ్లిన రోజులెన్ని? ఇంట్లో కొట్టడం ఆగిందా? రోజూ తాగినవాడు నెలకు రెండుసార్లకు వస్తే పూర్తి విడుదల కాదు. అయినా అతడు మొదటి స్థితిలోనే ఉన్నాడనడం అన్యాయం.

కేంద్ర ప్రభుత్వం 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదైనా చికిత్స అందింది. ఆ ఒక్కణ్ణీ చేర్చి మరచిపోతే ఎలా? 1980లో శాంతి రంగనాథన్ చెన్నైలో స్థాపించిన టి.టి.కె. ఆసుపత్రి కుటుంబాన్ని కూడా చికిత్సలో చేర్చుకుంది. మీవారిని ఎక్కడ చేర్చినా ముందే అడగండి: ఏడాది వరకు మీరు విచారిస్తారా? చేరినవారిలో ఎందరు దొరికారు?

సంఘంలో నమ్మకస్థుడొకరు, అతని అనుమతితో, ఒక నోటుపుస్తకం ఉంచవచ్చు. పేర్లు ప్రకటనల్లో చదవకండి. ఆదివారం రానివాని ఇంటికి సోమవారమే వెళ్లండి. సలహా కావాలంటే 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.