వినడమొక్కటే కాదు, చెవికి పనులు చాలా!

బయటికి కనిపించే దొప్ప చెవిలో కొంత భాగమే. మిగతా సరంజామా అంతా పుర్రె ఎముక లోపల ఉంటుంది. అక్కడ జరిగే పనులు వింటే ఆశ్చర్యం వేస్తుంది.

● మన ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక చెవిలోనే ఉంది. పేరు స్టేపిస్, పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. పెద్ద శబ్దం వినగానే స్టెపీడియస్ అనే బుల్లి కండరం బిగిసి దీని కదలికను తగ్గిస్తుంది. కానీ టపాకాయ పేలితే, అది బిగిసేలోపే మోత లోపలికి వెళ్లిపోతుంది.

● స్టేపిస్‌కు తోడుగా ఉండే మాలియస్, ఇంకస్ ఎముకలు సరీసృపాల్లో దవడకు చెందినవి. క్షీరదాల పరిణామంలో ఇవి చెవిలోకి చేరాయి. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ రైకర్ట్ పిండాలను పరిశీలించి 1837లోనే ఈ చుట్టరికాన్ని పసిగట్టాడు.

● చెవి వినడమే కాదు, శబ్దం చేస్తుంది కూడా! లోపలి చెవిలోని బయటి వరుస రోమకణాల కదలికల వల్ల పుట్టే ఆ సన్నని ధ్వనిని 1978లో బ్రిటన్‌లో డేవిడ్ కెంప్ మైక్రోఫోనుతో పట్టుకున్నాడు. పుట్టిన బిడ్డకు వినికిడి ఉందో లేదో చూసే పరీక్షల్లో ఒకటి దీని ఆధారంగానే జరుగుతుంది.

● చెవిలో చల్లని నీళ్లు పోస్తే కళ్లు తిరుగుతాయి. నీటి చలికి అర్ధవలయాకార నాళాల్లోని ద్రవం కదిలి, తల తిరుగుతోందని మెదడుకు తప్పుడు కబురు వెళ్తుంది. ఈ గుట్టు విప్పిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి దక్కింది. ఆ వార్త అందేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ!

● నాలుక ముందు భాగం నుంచి రుచి కబుర్లు మోసే నాడి మధ్యచెవి గుండానే వెళ్తుంది. అందుకే చెవి ఆపరేషన్ తర్వాత కొందరికి కొన్నాళ్లు నోటి రుచి మారుతుంది. చెవిలో పుల్ల తిప్పితే కొందరికి దగ్గు రావడానికి కారణం మరో నాడి. వేగస్ నాడి కొమ్మ ఒకటి చెవి కాలువ దాకా వస్తుంది.

● నిజానికి పుల్లతో పనే లేదు. చెవి కాలువ చర్మం లోపలి నుంచి బయటికి మెల్లగా జరుగుతూ గులిమిని తనే మోసుకొస్తుంది. పుల్ల దాన్ని తిరిగి లోపలికే నెడుతుంది. ఆ గులిమి తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా అన్నది ఒకే జన్యువు నిర్ణయిస్తుందని జపాన్ పరిశోధకులు 2006లో తేల్చారు.

● శబ్దాన్ని మెదడుకు చేరవేసే లోపలి వరుస రోమకణాలు ఒక్కో చెవిలో దాదాపు 3,500 మాత్రమే. చచ్చిన కణం మనిషికి మళ్లీ పుట్టదు. కోడికి పుడుతుంది! పెద్ద మోతకు పోయిన వినికిడి కోడికి కొన్ని వారాల్లో చాలావరకు తిరిగొస్తుంది. కాబట్టి డీజే పెట్టెలకు దూరంగా నిలబడాల్సింది మనమే, కోడి కాదు.