తాళము తీసినను ఆగని బండి

రేపల్లె వీధిలో ఒక ఇంటిముందు పాత మెర్సిడెస్ కారు వచ్చి నిలిచినదనుకొనవచ్చును. డీజిలు బండి; వయస్సు నలువది యేండ్లకు పైమాటే. నడుపువాడు తాళపుచెవి త్రిప్పి, ఊడదీసి, జేబులో వేసికొని దిగినాడు. ఇంజను మాత్రము ఆగలేదు. మరల ఎక్కి చెవి పెట్టి త్రిప్పినను అదే వరుస. చుట్టుచేరిన పిల్లలకు వేడుక. యజమానికి మొదట సిగ్గు, పిమ్మట భయము. ఇట్టి సమయమున ‘స్విచ్చి పోయినది, క్రొత్తది వేయించండి’ అని తీర్పు చెప్పువారు ఒకరైనను ఉందురు. స్విచ్చి మార్చుదురు. ఇంజను అప్పటికిని ఆగదు. దోషము స్విచ్చిలో లేదు, ఇంజనులోను లేకపోవచ్చును. వెనుక తలుపు లోపల చిరిగిపోయిన ఒక రబ్బరు పొరలో ఉండవచ్చును.

ఈ వింతకు మూలము ఆ బండి కట్టుబడిలోనే ఉన్నది. 1976 మొదలు దాదాపు పదేండ్లపాటు జర్మనీలో తయారైన ‘డబ్ల్యు 123’ తరగతి మెర్సిడెస్ కార్లు రమారమి 27 లక్షలు. వానిలో డీజిలువి చాల ఉన్నవి. పెట్రోలు ఇంజనును ఆపుటకు నిప్పురవ్వనిచ్చు విద్యుత్తును త్రుంచిన చాలును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టిన వేడిమికే నూనె మండును. నూనె అందుచున్నంతసేపు అది తిరుగుచునే యుండును. కావున చెవి త్రిప్పినంతనే, ఇంధనపు పంపునకు తగిలించిన ఒక చిన్న డబ్బాలోని రబ్బరు పొర కదలి, నూనెను నిలుపునట్లు ఏర్పాటు చేసిరి. ఆ పొరను కదల్చునది తీగయు కాదు, మోటారును కాదు, వాక్యూము. ఆ వాక్యూమే తలుపుల తాళములను వేయును, తీయును. బ్రేకు తొక్కు కాలికి సాయపడును. ఆటోమేటిక్ గేరు మార్పును మెత్తబరచును.

వాక్యూమును మన పాఠ్యపుస్తకములు శూన్యమన్నవి. రేపల్లె దారిలోని భట్టిప్రోలు స్తూపమును చూచినవారికి శూన్యమనగానే నాగార్జునుని మాధ్యమిక వాదము తోచిన తోచవచ్చును గాని, కారులోనిది అంత లోతైనది కాదు, సంపూర్ణమును కాదు. గొట్టములోని గాలిని కొంత తీసివేయుటయే. ‘వాక్యూము లాగును’ అనుటయు మాటవరుసకే. లాగునది లేదు, వెలుపలి గాలి త్రోయును. సముద్రమట్టమున గాలి ఒత్తిడి పాదరసపు 760 మిల్లీమీటర్లు. మంచి పంపు గొట్టములో దానిని 500 మిల్లీమీటర్లకు మించి తగ్గించును. అప్పుడు 5 సెంటీమీటర్ల వ్యాసము గల రబ్బరు పొరపై పడు బలము సుమారు 13 కిలోల బరువునకు సమానము. తలుపు గడియ జరుగుటకు అది చాలును. గాలి తీసిన రెండు అర్ధగోళములను గుర్రములు సహితము విడదీయలేకపోయినట్లు 17వ శతాబ్దములో గెరిక్ చూపిన ప్రయోగము బడిపిల్లలు చదువుకొన్నదే. ఆయనయు జర్మనుడే.

పెట్రోలు ఇంజను గాలి పీల్చు దారిలోనే ఈ వాక్యూము తనంత పుట్టును. పూర్వపు అమెరికా కార్లు కొన్నిటిలో అద్దము తుడుచు వైపరులు దానితోనే ఆడెడివి. యాక్సిలరేటరు అదిమినపుడు వాక్యూము తగ్గి, జోరువానలో వైపరు మందగించెడిది! డీజిలు ఇంజను గాలిని అడ్డులేక పీల్చును గనుక దానికి వేరొక పంపు కావలెను. ఆ ఒక్క పంపునుండి గొట్టములు శాఖలై, తలుపులవరకును పోవును. తెనాలి నడుమనుండి సాగు కృష్ణ కాల్వలను చూచినవారికి ఈ పంపకము క్రొత్త కాదు. ఎగువన గండి పడినచో ఎండునది గండి ప్రక్కని చేను కాదు, ఎక్కడో దిగువనున్న చివరి భూమి. కారులోను అంతే: గండి తలుపులో, కరవు ఇంజనునొద్ద.

తెనాలి స్టేషనులో పాతకాలపు రైళ్లను ఎరిగినవారికి ఇక్కడ ఒక సందేహము రావచ్చును. 1916లో రేపల్లె మార్గము తెరచిన నాటినుండి చిరకాలము మన రైళ్లకు వాక్యూము బ్రేకులే. నేడు వాని స్థానమున గాలిబ్రేకులు వచ్చినవి. ఆ రైలులో గొట్టము ఊడినను, ఎవరైన గొలుసు లాగినను బండి ఆగెడిది. కారులో గొట్టము ఊడినచో ఇంజను ఆగకపోవుట యేమి? రైలులో వాక్యూము బ్రేకులను వదలియుంచు బలము. అది పోయినచో బ్రేకులు పడును. కారులో అది పనిని చేయించు బలము. అది పోయినచో పని జరుగదు. రైలులోని లోపము తనంత తాను చాటుకొనెడిది. కారులోనిది దాగియుండి, మరియొకచోట నింద వేయించును. ఇంజను ఆగకపోవుట నవ్వుకొనదగిన సంగతియే గాని, అదే పంపు బ్రేకునకును సాయపడునదని మరువరాదు. పంపు చెడినను, పెద్ద గొట్టము పగిలినను, పెడలు రాయివలె బిగియును. కాల్వగట్టు రోడ్డుపై ఎదుట ధాన్యపు ట్రాక్టరు వచ్చినపుడు గాని ఆ సంగతి తెలియకపోవుట ప్రాణాపాయము. పరీక్ష సులభమే. ఇంజను ఆపి, పెడలును నాలుగైదు మారులు తొక్కి, పిమ్మట గట్టిగా అదిమియుంచి ఇంజను నడిపింపవలెను. పెడలు కాలిక్రింద కొంచెము దిగినచో సాయము అందుచున్నట్లు. దిగనిచో ఆ బండిని రోడ్డుమీదికి తీయరాదు.

ఇక గండిని వెదకు విధము. దీనికి ముల్లుగల చిన్న చేతిపంపు ఒకటి ఉన్న చాలును. మొదట ఇంజను నడుచుచుండగా, దానిని నిలుపు డబ్బాకే చేతిపంపు తగిలించి గాలి తీయవలెను. ఇంజను ఆగినచో ఆ డబ్బా నిర్దోషి. పిమ్మట తలుపులకు పోవు శాఖను మూసి, తాళపుచెవి త్రిప్పి చూడవలెను. ఇప్పుడు ఆగినచో దొంగ తలుపులలోనే ఉన్నాడు. ఒక్కొక్క తలుపు గొట్టమునకు చేతిపంపు పెట్టి గాలి తీసి, ముల్లును ఒక నిమిషము చూడవలెను. నిలిచిన ముల్లు మంచి పొరకు గుర్తు. జారు ముల్లు చిరిగిన పొరకు గుర్తు. తాళపు డబ్బాలో వేయుటకొకటి, తీయుటకొకటి రెండు ప్రక్కలుండును గనుక రెంటిని చూడవలెను. తలుపులు తెరచియున్నపుడు ఆగని బండి, తాళము వేసియున్నపుడు ఆగుటయు కలదు. ఈ సంగతి తెలియక ‘బండికి పిచ్చి పట్టినది’ అని విసిగి, ఇనుపతుక్కు ధరకు అమ్ముకొన్నచో నష్టము ఒక రబ్బరు పొరవలన వచ్చినదే. వీధిలో ఆగని ఇంజనును అప్పటికి ఆపవలెనన్నచో, బానెట్ ఎత్తి ఇంధనపు పంపుప్రక్క ‘స్టాప్’ అని వ్రాసిన మీటను నొక్కవలెను.

విద్యుత్తు దోషములకు బాపట్ల గాలి ఎక్కువ అనుకూలము. సూర్యలంక సముద్రపు టుప్పుతేమ లోహపు టతుకులను తినును. కారులో విద్యుత్తు పోవుటకు తీగ ఉన్నది. తిరిగి వచ్చుటకు బండి యొక్క ఇనుప దేహమే దారి. మెకానిక్కులు దీనిని ‘ఎర్తు’ అందురు. పోవు తీగను అందరు చూతురు, తిరుగుదారిని ఎవరును చూడరు. 12 వోల్టుల బండిలో 55 వాట్ల దీపము యొక్క నిరోధము సుమారు 2.6 ఓములు. ఎర్తు మరతో తుప్పువలన అర ఓము చేరినచో, స్థూలముగ లెక్కించినను 2 వోల్టులు అక్కడనే పోవును. దీపమునకు దక్కునది 40 వాట్లకు లోపు. బల్బు మార్చి లాభమేమి? దీపము వెలుగుచుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివునకు, రెండవ కొనను దీపపు ఎర్తుకు తాకింపవలెను. సున్నకు దగ్గరగ రావలెను; అర వోలు చూపినచో ఎర్తును గీకి బిగింపవలెను. ఎడమ ఇండికేటరు వేసినపుడు వెనుక దీపములన్నియు కన్ను గీటుట ఈ జబ్బుకే గుర్తు.

ఈ బండ్ల ఫ్యూజులు తుపాకిగుండు ఆకారమున ఉండును. తెల్లవి 8 ఆంపియర్లకు, ఎర్రవి 16 ఆంపియర్లకు. ఫ్యూజు కాలియుండదు, కొనలయందు మసక పట్టియుండును. వ్రేలితో త్రిప్పినచో హారను మ్రోగును, అద్దము దిగును. కొనలు శుభ్రపరచి క్రొత్తవి వేయుట సరియైన వైద్యము. ఫ్యూజుకు సిగరెట్టు కాగితపు తగరము చుట్టుట వైద్యము కాదు, అగ్నిహోత్రము.

1995లో పూణె నగరము వద్ద మెర్సిడెస్ కార్ల కూర్పు మొదలైనది. దానికి ముందటి తరమైన ‘డబ్ల్యు 123’కు లేని చిక్కొకటి ఆ దశకపు తొలినాటి కొన్ని పెట్రోలు బండ్లకు కలదు. ఇంజను వేడికి తీగలపై తొడుగు పెళుసై రాలిపోవును. తీగలు ఒకదానికొకటి తగులును. నిందలన్నియు ఖరీదైన ఎలక్ట్రానిక్ పెట్టెపై పడును.

బ్యాటరీ వారమునకొకమారు చచ్చుచున్నదను ఫిర్యాదు మరియొకటి. క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు, చెవి తీసి, తలుపులు మూసి, నెగటివు తీగకు వరుసలో మీటరు పెట్టవలెను. గడియారమునకు పోవు కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు సహజము. అర ఆంపియరు చూపినచో 60 ఆంపియర్-గంటల బ్యాటరీ అయిదు దినములలో ఖాళీ. ఒక్కొక్క ఫ్యూజు తీయుచు చూచినచో, ఏది తీసినపుడు ముల్లు పడునో ఆ దారిలోనే దోషము. పెక్కు తావుల అది డిక్కీలోని 5 వాట్ల దీపము. మూత వేసినను దాని స్విచ్చి విడువదు. మూసిన డిక్కీలో దీపము వెలుగుచున్నదో లేదో చూచుట యెట్లు? చేతిఫోనులో వీడియో పెట్టి, దానిని లోపల ఉంచి మూత వేసి, నిమిషము తరువాత తీసి చూచిన సరి.